రోడ్డు దాటే హక్కు: రాష్ట్ర రహదారిపై జీబ్రా క్రాసింగ్

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• మీ ఊరి మధ్యగా పోయే రహదారి ఎవరి అధీనంలో ఉంటుందో చెప్పగలుగుతారు.
• జీబ్రా క్రాసింగ్ ఎక్కడ అవసరమో ఇంజనీర్లు ఎలా నిర్ణయిస్తారో వివరించగలుగుతారు.
• వేగానికీ, బండి ఆగే దూరానికీ ఉన్న సంబంధాన్ని లెక్క కట్టగలుగుతారు.
• గీతలు ఒక్కటే ఎందుకు చాలవో కారణాలతో చెప్పగలుగుతారు.
• క్రాసింగ్ కోసం ఎవరికి, ఎలా అర్జీ పెట్టాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

రోడ్డు దాటడం మనం రోజూ చేసే పని. పిల్లలు బడికి పోవాలన్నా, పాలు తేవాలన్నా, అవతలి వైపు బస్సు ఎక్కాలన్నా రోడ్డు దాటక తప్పదు. సందులో అయితే ఇది ఒక పనిగా కూడా అనిపించదు. కాని అదే రోడ్డు పెద్ద రహదారి అయితే, లారీలు, బస్సులు, కార్లు ఆగకుండా వస్తూ ఉంటే, దాటడానికి ధైర్యం కావాలి. రోజూ ధైర్యం మీద ఆధారపడి చేయవలసిన పని ఏదో ఒకనాడు ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ అంకెలు చూడండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వీరిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవారే. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఏ బండీ ఎక్కనివారు. మరో విషయం కూడా గమనించండి. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు రెండూ కలిపినా దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో సుమారు 5 శాతమే. కాని ఆ ఏడాది మరణాలలో 60 శాతం ఈ రోడ్ల మీదే జరిగాయి. ఒక్క రాష్ట్ర రహదారుల మీదే 41,012 మంది మరణించారు.

కనుక రహదారి ఊరి మధ్యగా పోయేచోట నడిచేవారికి దాటే దారి కల్పించడం చిన్న విషయం కాదు. నాలుగు తెల్లగీతలు వేయడానికి ఇంత చర్చ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ నాలుగు గీతల వెనుక చట్టం ఉంది, లెక్క ఉంది, డబ్బు ఉంది, ఎవరి బాధ్యత అనే ప్రశ్న కూడా ఉంది. వీటిని ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

2. ఈ రోడ్డు ఎవరిది?

మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అధికారాలను పంచింది. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. మిగిలిన రోడ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్ర రహదారులను రాష్ట్ర ప్రభుత్వ శాఖ చూసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇది రోడ్లు, భవనాల శాఖ. దీనినే మనం వాడుకలో 'ఆర్ అండ్ బి' అంటాం. కేరళ, కర్ణాటక, మహారాష్ట్రలలో ప్రజాపనుల శాఖ ఈ పని చేస్తుంది. తమిళనాడులో దీనికి ప్రత్యేకంగా రహదారుల శాఖ ఉంది.

ఇక ఊరి లోపలి రోడ్లు, వీధి దీపాలు, బస్ స్టాపులు మునిసిపాలిటీ పనులు. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అది చేర్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. వాటిలో రోడ్లు, వంతెనలు ఒక అంశం. వీధి దీపాలు, బస్ స్టాపులు వంటి సౌకర్యాలు మరో అంశం.

ఇక్కడే చిక్కు వస్తుంది. హైదరాబాదు నుంచి సిద్దిపేట, కరీంనగర్ మీదుగా రామగుండం వైపు పోయే రాజీవ్ రహదారి తెలంగాణలో 1వ నంబరు రాష్ట్ర రహదారి. కేరళలో తిరువనంతపురం నుంచి కొట్టాయం మీదుగా అంగమాలి వరకు పోయే ఎం.సి. రోడ్డు ఆ రాష్ట్రపు 1వ నంబరు రహదారి. ఇలాంటి రోడ్లు ఎన్నో ఊళ్లను ఒకదానితో ఒకటి కలుపుతాయి. ఒక ఊరి వీధిని ఎదుటి వీధి నుంచి విడదీసేవి కూడా ఇవే. రోడ్డు వేసిన శాఖ దృష్టిలో అది ఒక నగరం నుంచి మరో నగరానికి బండ్లు త్వరగా చేరే మార్గం. ఊరివారి దృష్టిలో అది ఇంటికీ బడికీ మధ్య ఉన్న అడ్డం. రోడ్డుకు ఇరుపక్కల ఉన్న జనం మునిసిపాలిటీ ఓటర్లు. మధ్యలో ఉన్న తారు మాత్రం రాష్ట్ర శాఖది. అందువల్ల మునిసిపాలిటీ తనంతట తానుగా ఆ రోడ్డుపై గీతలు గీయలేదు, సిగ్నలు పెట్టలేదు, డివైడరు కోయలేదు. ముందుగా ఆ శాఖ అనుమతి తీసుకోవాలి.

రోడ్డు ఎవరిది అనేది కాగితం మీది సంగతి అనుకోకండి. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం దుకాణాలు ఉండరాదని తీర్పు ఇచ్చింది. ఆ తరువాత కొన్ని చోట్ల ప్రభుత్వాలు ఊరి లోపలి రహదారి భాగాలను రహదారుల జాబితా నుంచి తీసివేసి, వాటిని పట్టణ రోడ్లుగా ప్రకటించాయి. రోడ్డు ఉన్నచోటే ఉంది, దస్త్రంలో దాని పేరు మాత్రం మారింది. దీన్నిబట్టి ఊరి లోపలి భాగాన్ని పట్టణ రోడ్డుగా మార్చడం ప్రభుత్వానికి సాధ్యమేనని తెలుస్తుంది. అలా మారినప్పుడు దాని మరమ్మతు ఖర్చు కూడా స్థానిక సంస్థ మీద పడవచ్చు. అధికారం వచ్చినచోటికి ఖర్చు కూడా వస్తుందని గుర్తుంచుకోండి.

పాఠంలోని ప్రశ్నలు – 1

(అ) రాష్ట్ర రహదారిపై మునిసిపాలిటీ నేరుగా జీబ్రా గీతలు ఎందుకు వేయలేదు?
(ఆ) 74వ రాజ్యాంగ సవరణ ఏ సంవత్సరంలో అమలులోకి వచ్చింది?

3. ఎక్కడ అవసరమో ఎలా తేలుస్తారు?

మన దేశంలో రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. ఇది 1934లో ఏర్పడింది. పాదచారుల సౌకర్యాలపై ఈ సంస్థ 1988లో మార్గదర్శకాలు ప్రచురించింది, 2012లో వాటిని సవరించింది. అందులో ఒక చిన్న సూత్రం ఉంది. దాటేవారి సంఖ్యను బండ్ల సంఖ్య వర్గంతో గుణించాలి.

రద్దీ గంటలో రోడ్డు దాటే మనుషుల సంఖ్య: మ
అదే గంటలో వచ్చే బండ్ల సంఖ్య: బ
లెక్కించవలసినది: మ × బ × బ

డివైడరు లేని రోడ్డు మీద ఈ ఫలితం 10 కోట్లు దాటితే క్రాసింగ్ అవసరమని అర్థం. డివైడరు ఉన్న రోడ్డు మీద 20 కోట్లు దాటాలి.

ఉదాహరణ: ఒక పట్టణంలో బడి దగ్గర ఉదయం రద్దీ గంటలో 400 మంది దాటుతున్నారు. ఆ గంటలో 600 బండ్లు వస్తున్నాయి.
400 × 600 × 600 = 14,40,00,000. అంటే 14 కోట్ల 40 లక్షలు.
రోడ్డుకు డివైడరు లేకపోతే క్రాసింగ్ అవసరమే. డివైడరు ఉంటే ఈ సూత్రం ప్రకారం అవసరం తేలదు.

ఈ లెక్క ఒక్కటే ఆధారం కాదు. వచ్చే బండ్ల వేగం గంటకు 65 కిలోమీటర్లు మించినా, జనం చాలాసేపు నిలబడవలసి వస్తున్నా, ఒక ఏడాదిలో అక్కడ ఐదుగురు లేదా అంతకు మించి పాదచారులు గాయపడినా క్రాసింగ్ గురించి ఆలోచించాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. లెక్కలో పడేది దాటుతున్నవారు మాత్రమే. భయపడి దాటనివారు ఏ లెక్కలోనూ పడరు. కొడుకు తోడు లేనిదే గుడికి పోలేని ముసలమ్మ, దూరమైనా సరే రోడ్డు దాటనక్కరలేని బడికి పిల్లను మార్చిన తండ్రి, అవతలి వైపు అంగడికి పోవడం మానుకున్న చక్రాల కుర్చీ మనిషి, వీరెవరూ సర్వే కాగితంలో కనిపించరు. రోడ్డు ఎంత ప్రమాదకరమైతే దాటేవారు అంత తగ్గుతారు. దాటేవారు తగ్గితే 'అవసరం లేదు' అనే జవాబు వస్తుంది. నదికి వంతెన కట్టాలా వద్దా అన్నది ఈదుకుంటూ దాటేవారిని లెక్కపెట్టి తేల్చడం వంటిదే ఇది. అందుకే అంకెలతోపాటు అక్కడ బడి ఉందా, ఆసుపత్రి ఉందా, బస్ స్టాపు ఏ వైపు ఉంది, నీళ్ల కుళాయి ఏ వైపు ఉంది అన్నవి కూడా చూడాలి.

4. తెల్లగీతల కథ

జీబ్రా క్రాసింగ్ బ్రిటన్‌లో పుట్టింది. అక్కడ 1934లో మంత్రిగా ఉన్న లెస్లీ హోర్ బెలీషా హయాంలో పాదచారులు దాటే చోట్ల నారింజరంగు దీపపు స్తంభాలు పెట్టారు. రోడ్డు మీద ఇనుప బొడిపెలు కూడా అమర్చారు. నడిచేవారికి ఆ బొడిపెలు కనిపించేవి. దూరం నుంచి వచ్చే డ్రైవరుకు మాత్రం సరిగా కనిపించేవి కావు. దాంతో 1949లో కొన్ని చోట్ల రంగుచారలు వేసి పరీక్షించారు. 1951లో నలుపు తెలుపు చారల పద్ధతి చట్టంలోకి వచ్చింది. ఆ చారలు అడవి గుర్రం ఒంటి మీది చారలను పోలి ఉండడం వల్ల దానికి జీబ్రా అనే పేరు స్థిరపడింది.

దీనిలోని పాఠం తేలికైనదే. క్రాసింగ్ దాటేవానికి కనిపిస్తే సరిపోదు, బండి నడిపేవానికి కనిపించాలి. అందుకే చారలు రోడ్డు పొడవు వెంట, అంటే బండి వచ్చే దిశలో వేస్తారు. మన ప్రమాణాల ప్రకారం ఒక్కో చార వెడల్పు సుమారు అర మీటరు. మొత్తం క్రాసింగ్ వెడల్పు 2 నుంచి 4 మీటర్లు. మామూలు రంగు కొద్ది నెలలకే చెరిగిపోతుంది. కనుక వేడి చేసి కరిగించి వేసే థర్మోప్లాస్టిక్ రంగు వాడతారు. అందులో చిన్న చిన్న గాజు పూసలు కలుపుతారు. రాత్రిపూట బండి లైటు పడగానే ఆ పూసలు వెలుతురును తిరిగి డ్రైవరు కంటికి పంపుతాయి, గీతలు మెరుస్తాయి. క్రాసింగ్‌కు ముందు అడ్డంగా ఒక గీత ఉంటుంది. బండి ఆగవలసింది ఆ గీత దగ్గర, చారల మీద కాదు.

5. వేగం, దూరం, కాలం

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. ఒక నాలుగు వరుసల రోడ్డు అనుకోండి. ఒక్కో వరుస 3.5 మీటర్లు. మొత్తం 14 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తారు.

14 ÷ 1.2 = సుమారు 12 సెకన్లు.

ఈ 12 సెకన్లలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు ఎంత దూరం వస్తుంది? గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు 16.7 మీటర్లు. 12 సెకన్లలో 200 మీటర్లు. అంటే మీరు అడుగు వేసేటప్పటికి రెండు వైపులా 200 మీటర్ల వరకు బండి ఉండకూడదు. సెకనుకు 0.8 మీటరు నడిచే వృద్ధులకు 17 సెకన్లకు పైగా పడుతుంది. వారికి రెండు వైపులా దాదాపు 290 మీటర్ల ఖాళీ కావాలి. రద్దీ వేళ ఇంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు అదే రోడ్డు మధ్యలో నిలబడడానికి చోటున్న డివైడరు ఉందనుకోండి. అప్పుడు ఒకసారి 7 మీటర్లు దాటితే చాలు. పట్టే సమయం 6 సెకన్లు. చూడవలసింది ఒక్క వైపు. కావలసిన ఖాళీ 100 మీటర్లు. డబ్బు పెద్దగా ఖర్చు కాకుండానే పని సగానికి సగం సులువైంది. డివైడరులో మనుషులు, చక్రాల కుర్చీ, పిల్లల బండి నిలిచేంత వెడల్పు ఉండాలి. ఎక్కి దిగవలసిన గట్టు ఉండకుండా ఆ భాగాన్ని నేలమట్టంగా కోయాలి.

ఇక బండి ఆగే దూరం సంగతి. డ్రైవరు మనిషిని చూసి, ఆలోచించి, బ్రేకు తొక్కడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలో బండి అదే వేగంతో పోతూ ఉంటుంది. బ్రేకు పడిన తరువాత కూడా కొంత దూరం పోతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు రూపకల్పనకు తీసుకునే దూరాలు ఇవి:

గంటకు 40 కిలోమీటర్లు – 45 మీటర్లు
గంటకు 60 కిలోమీటర్లు – 80 మీటర్లు
గంటకు 80 కిలోమీటర్లు – 120 మీటర్లు

వేగం 40 నుంచి 80కి రెట్టింపు అయితే ఆగే దూరం రెట్టింపును మించిపోయింది. ఢీకొన్నప్పుడు దెబ్బ తీవ్రత కూడా అలాగే పెరుగుతుంది. కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే అవకాశం, వేగం 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 15 కిలోమీటర్ల తేడా డ్రైవరుకు ఒకటి రెండు నిమిషాల తేడా. దాటేవానికి అది ప్రాణం. నడిచేవారూ బండ్లూ కలిసి ఉండే చోట్ల గంటకు 30 కిలోమీటర్ల వేగం మించరాదని 2020 స్టాక్‌హోం ప్రకటన సూచించింది. మన దేశంలో 2018 కేంద్ర నోటిఫికేషన్ మునిసిపల్ పరిధిలో కార్లకు గరిష్ఠ వేగం 70 కిలోమీటర్లుగా పెట్టింది. అది పైహద్దు మాత్రమే. అంతకంటే తక్కువ వేగాన్ని నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఉంది.

పాఠంలోని ప్రశ్నలు – 2

(అ) రద్దీ గంటలో 300 మంది, 700 బండ్లు ఉన్న డివైడరు లేని రోడ్డుకు సూత్రం ప్రకారం క్రాసింగ్ అవసరమా? లెక్క కట్టండి.
(ఆ) డివైడరు వల్ల దాటేవారికి కలిగే రెండు లాభాలు రాయండి.

6. గీతలు చాలవు: ఢాకా నేర్పిన పాఠం

మన పొరుగుదేశం బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో 2018 జూలై 29న విమానాశ్రయ రోడ్డు పక్కన ఉన్న ఇద్దరు విద్యార్థులను బస్సు ఢీకొని చంపింది. వేలాది మంది విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. బడి దుస్తులలోనే నిలబడి బండ్లను ఆపి డ్రైవర్ల లైసెన్సులు చూపించమన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడి పార్లమెంటు కొత్త రోడ్డు రవాణా చట్టం చేసింది.

ఆ తరువాత 2019 మార్చి 19న, అదే నగరంలోని ప్రగతి సరణిపై ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి తన కాలేజీ బస్సు ఎక్కడానికి రోడ్డు దాటుతూ బస్సు కింద పడి మరణించాడు. అతడు దాటుతున్నది జీబ్రా క్రాసింగ్ మీదే. అతడు నియమం పాటించాడు. గీతలూ ఉన్నాయి. కాని బస్సును ఆపే ఏర్పాటు ఏదీ అక్కడ లేదు. మళ్లీ విద్యార్థులు రోడ్డెక్కారు. మరునాడే నగర మేయరు అక్కడ పాదచారుల వంతెనకు శంకుస్థాపన చేశారు.

దీన్నిబట్టి మనం ఏమి గ్రహించాలి? రంగు బండిని ఆపదు. డ్రైవరు ఆపాలి. డ్రైవరు ఆపేలా రోడ్డు ఉండాలి. అందుకోసం గీతలతోపాటు ఈ ఏర్పాట్లు అవసరం:

• దూరం నుంచే కనిపించే హెచ్చరిక బోర్డులు, క్రాసింగ్ మీద రాత్రంతా వెలిగే దీపం.
• క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టడం. అప్పుడు అదే స్పీడ్ బ్రేకరుగా కూడా పనిచేస్తుంది.
• వేగం, రద్దీ ఎక్కువైన చోట మీట నొక్కితే బండ్లకు ఎర్రదీపం పడే సిగ్నలు.
• క్రాసింగ్ దగ్గర చూపుకు అడ్డువచ్చే బండ్లు, బోర్డులు, అంగళ్లు లేకుండా చూడడం.
• చూపులేనివారికి కాలికి తగిలి తెలిసే గరుకు పలకలు, చక్రాల కుర్చీకి వాలుదారి.

నాలుగు వరుసల రోడ్డు మీద ఇంకో ప్రమాదం ఉంది. మొదటి వరుసలో కారు మర్యాదగా ఆగుతుంది. మీరు అడుగు వేస్తారు. రెండో వరుసలో వచ్చే బండికి ఆగిన కారు చాటున మీరు కనిపించరు. అందుకే ఆగే గీతను చారలకు మరీ దగ్గరగా గీయకూడదు. మీరు కూడా ఆగిన బండి దాటగానే నిలిచి, పక్క వరుస చూసుకొని మాత్రమే ముందుకు సాగండి.

7. వంతెన కట్టాలా, నేల మీదే దారి ఇవ్వాలా?

క్రాసింగ్ అడిగినప్పుడు చాలాచోట్ల ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతామంటారు. వంతెన బండిని ఆపదు కనుక రహదారి శాఖకు అది సౌకర్యంగా ఉంటుంది. జనం మాత్రం దాని కిందనుంచే దాటడం మీరు చూసే ఉంటారు. దీనికి జనం బద్ధకం ఒక్కటే కారణం కాదు. కింద లారీలు పోవాలి కనుక వంతెన ఐదారు మీటర్ల ఎత్తులో ఉంటుంది. 14 మీటర్లు దాటడానికి రెండంతస్తుల మేడ ఎక్కి దిగినంత పని. మోకాళ్ల నొప్పులవారికి, నిండు గర్భిణికి, నెత్తిన మూట ఉన్నవారికి ఇది దారి కాదు. లిఫ్టు పెట్టినా అది నడుస్తూ ఉండాలి. రాత్రివేళ ఒంటరిగా ఉండే వంతెనపైకి ఆడవారు వెళ్లడానికి జంకుతారు.

బండ్లు చాలా వేగంగా, ఎడతెరిపి లేకుండా పోయే రహదారి మీద, ఊరి వెలుపల, వంతెన గాని సబ్‌వే గాని తప్పకపోవచ్చు. ఊరి నడుమ అయితే నేల మీది దారినే ముందుగా ఆలోచించాలి. ఊళ్లోకి వచ్చింది రహదారి. అక్కడ తగ్గవలసింది బండి వేగం.

8. చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం కింద 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. సిగ్నలు లేని పాదచారుల క్రాసింగ్ దగ్గరికి వచ్చే డ్రైవరు వేగం తగ్గించాలి, ఆగాలి, నడిచేవారికి దారి ఇవ్వాలి అని వాటిలో ఉంది. ముందు బండ్లు నిలిచిపోతే చారల మీద బండి ఆపి ఉంచడం కూడా తప్పే.

2019లో చట్టాన్ని సవరించి 198ఎ సెక్షను చేర్చారు. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గాని అంగవైకల్యం గాని సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తప్పు ఎప్పుడూ డ్రైవరుదో నడిచేవాడిదో మాత్రమే కాదని, రోడ్డుది కూడా కావచ్చని చట్టం ఇలా ఒప్పుకుంది. ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

9. మీ ఊరికి క్రాసింగ్ ఎలా వస్తుంది?

సాధారణంగా పని ఈ వరుసలో సాగుతుంది. మొదట వార్డు సభ్యుడు గాని ప్రజలు గాని మునిసిపాలిటీకి అర్జీ ఇస్తారు. కౌన్సిలు తీర్మానం చేసి రోడ్లు, భవనాల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు పంపుతుంది. శాఖ ఇంజనీరు, మునిసిపల్ ఇంజనీరు, ట్రాఫిక్ పోలీసు అధికారి కలిసి చోటు చూస్తారు. మనుషులను, బండ్లను లెక్కిస్తారు. తరువాత ఖర్చు అంచనా వేస్తారు. కొన్నిసార్లు మునిసిపాలిటీ డబ్బు కట్టి శాఖ చేత పని చేయిస్తుంది. దీనిని 'డిపాజిట్ వర్క్' అంటారు. పని ముగిసిన తరువాత దీపం కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, చెరిగిన గీతలు మళ్లీ ఎవరు వేయాలి అన్నవి ముందుగానే రాసుకోవాలి. అలా రాసుకోనిచోట క్రాసింగ్ రెండేళ్లలో మాయమవుతుంది.

మునిసిపాలిటీ, శాఖ ఒకరి మీద ఒకరు వేసుకుంటూ ఉంటే జిల్లా రోడ్డు భద్రతా కమిటీని ఆశ్రయించండి. మోటారు వాహనాల చట్టం 215వ సెక్షను ఈ కమిటీలకు వీలు కల్పించింది. అర్జీలో కోపం కంటే వివరాలు ఎక్కువగా ఉండాలి. ఈ నమూనా చూడండి:

"అయ్యా, మా వార్డులోని ప్రభుత్వ పాఠశాల ఎదుట రాష్ట్ర రహదారి ఉన్నది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 8.30 నుంచి 9.30 వరకు మేము లెక్కించగా రోజుకు సగటున ____ మంది రోడ్డు దాటుచున్నారు. వారిలో పిల్లలు ____ మంది. ఆ గంటలో ____ బండ్లు వచ్చుచున్నవి. గత ఏడాది ఇక్కడ ____ ప్రమాదాలు జరిగినవి. కావున ఈ చోటును పరిశీలించి జీబ్రా క్రాసింగ్, హెచ్చరిక బోర్డులు, దీపము ఏర్పాటు చేయించగలరని ప్రార్థన."

అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకదానిపై తేదీ, ముద్ర వేయించుకొని దాచుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 'నా అర్జీపై తీసుకున్న చర్య ఏమిటి?' అని అడగండి. సాధారణంగా 30 రోజులలో సమాచారం ఇవ్వాలి.

మీరు నేర్చుకున్నది

• రాష్ట్ర రహదారి రాష్ట్ర శాఖది. అందుకే ఊరి నడుమ క్రాసింగ్‌కు మునిసిపాలిటీ, శాఖ, పోలీసులు కలిసి పనిచేయాలి.
• అవసరాన్ని మనుషుల సంఖ్య, బండ్ల సంఖ్య, వేగం, ప్రమాదాలను బట్టి తేలుస్తారు. భయంతో దాటనివారు ఆ లెక్కలో కనిపించరు.
• వేగం తగ్గితే ఆగే దూరం తగ్గుతుంది, దాటేవారు బతికే అవకాశం పెరుగుతుంది.
• గీతలకు తోడు దీపం, బోర్డు, డివైడరులో నిలిచే చోటు, వేగం తగ్గించే ఏర్పాటు ఉంటేనే క్రాసింగ్ పనిచేస్తుంది.
• క్రాసింగ్ దగ్గర నడిచేవారికి దారి ఇవ్వడం డ్రైవరు దయ కాదు, చట్టం పెట్టిన విధి.

అభ్యాసం

1. మీ ఊళ్లో జనం ఎక్కువగా రోడ్డు దాటే ఒక చోటు ఎంచుకోండి. ఒక గంటసేపు సురక్షితమైన చోట కూర్చుని దాటేవారిని, బండ్లను లెక్కించండి. సూత్రం ప్రకారం ఫలితం రాయండి.
2. అక్కడ దాటడానికి భయపడే ముగ్గురితో మాట్లాడండి. వారు చెప్పిన కారణాలను ఐదు వాక్యాలలో రాయండి.
3. ఈ రెండింటి ఆధారంగా పై నమూనాలో అర్జీ తయారుచేయండి. అది నిజంగా పంపదగినదైతే పంపండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

1. (అ) ఆ రోడ్డు రాష్ట్ర శాఖ అధీనంలో ఉంటుంది, దాని అనుమతి కావాలి. (ఆ) 1993లో.
2. (అ) 300 × 700 × 700 = 14,70,00,000. ఇది 10 కోట్లు దాటింది కనుక అవసరం. (ఆ) ఒకేసారి సగం రోడ్డు దాటితే చాలు. ఒక్క వైపు వచ్చే బండ్లను చూసుకుంటే చాలు.